32 బిట్ డ్రైవర్‌ని 64 బిట్ బోర్డుకి తెచ్చాను, వార్నింగ్‌లన్నీ పోయాయి, అయినా మొదటి ఇంటరప్ట్‌కే కెర్నల్ పడిపోతోంది

బాలానగర్_బెంచ్ | మంగళవారం, రాత్రి 10:52

అందరికీ నమస్తే. రెండు వారాలుగా ఒకే చోట గిరగిరా తిరుగుతున్నాను, కెర్నల్ డ్రైవర్లు రాసేవాళ్లు ఎవరైనా దారి చూపిస్తారని అడుగుతున్నా.

బాలానగర్‌లో చిన్న కంపెనీ మాది. ఫ్యాక్టరీ మెషీన్ల వైబ్రేషన్ కొలిచే పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు చేస్తాం. దాని లినక్స్ డ్రైవర్ 2011లో రాసింది. రాసినాయన మానేసి చాలా ఏళ్లయింది, కోడ్‌లో కామెంట్లు వెతికినా దొరకవు. ఇన్నాళ్లూ 32 బిట్ ఆర్మ్ బోర్డు మీద ఏ గొడవా లేకుండా నడిచింది. ఇప్పుడు ఆ ప్రాసెసర్ మాకు దొరకడం లేదు, 64 బిట్ ఆర్మ్ బోర్డుకి, 6.1 కెర్నల్‌కి మారాలి, ఆ పని నా మీద పడింది.

మొదటిసారి కంపైల్ చేస్తే నూట నలభైకి పైగా వార్నింగ్‌లు. అన్నీ దాదాపు రెండు రకాలే, పాయింటర్‌కీ (మెమరీ అడ్రస్) సైజు సరిపోని నంబర్‌కీ మధ్య టైపు మార్చడం (కాస్ట్) గురించి: "కాస్ట్ టు పాయింటర్ ఫ్రమ్ ఇంటీజర్ ఆఫ్ డిఫరెంట్ సైజ్", దానికి తిరగేసినట్టు "కాస్ట్ ఫ్రమ్ పాయింటర్ టు ఇంటీజర్ ఆఫ్ డిఫరెంట్ సైజ్". మా లీడ్ చూసి "మధ్యలో అన్‌సైన్డ్ లాంగ్ కాస్ట్ ఒకటి పెట్టు, నోరు మూసుకుంటాయి" అన్నారు. స్క్రిప్ట్ రాసి అన్ని చోట్లా పెట్టేశాను. వార్నింగ్‌లు సున్నా.

కార్డుని నా టేబుల్ మీది 64 బిట్ పీసీలో పెట్టి టెస్ట్ మోడ్‌లో రాత్రంతా నడిపాను, ఒక్క తప్పు రాలేదు. అదే కార్డు, అదే కోడ్ ఆర్మ్ బోర్డులో పెడితే ఇన్స్‌మాడ్ అవుతుంది (డ్రైవర్ కెర్నల్‌లోకి ఎక్కుతుంది), మొదటి ఇంటరప్ట్ (సీపీయూకి కార్డు పంపే పిలుపు) రాగానే ఊప్స్, అంటే కెర్నల్ క్రాష్. నాకు అర్థం కానిది ఏంటంటే, ఫాల్ట్ అయిన అడ్రస్‌లో పదహారు హెక్స్ అంకెలకి మొదటి ఎనిమిదీ ఒక్కోసారి సున్నాలు, ఒక్కోసారి ఎఫ్‌లు. బోర్డు రీబూట్ చేసినప్పుడల్లా మారుతుంది.

ఊప్స్ వచ్చే చోటు ఇది. కార్డుకి ఇచ్చే డెస్క్రిప్టర్ 16 బైట్లు: బఫర్ అడ్రస్, పొడవు, ఫ్లాగ్‌లు, చివర కుకీ, ఒక్కోటి 4 బైట్లు. కుకీని కార్డు ముట్టుకోదు, పని అయ్యాక అలాగే తిరిగి ఇస్తుంది. పాత కోడ్ అందులో ఛానెల్ స్ట్రక్చర్ పాయింటర్ దాచుకునేది. ఇప్పుడు ఇలా ఉంది:

డెస్క్->కుకీ = (ఇంట్)(అన్‌సైన్డ్ లాంగ్)ఛాన్;

ఇంటరప్ట్‌లో:

ఛాన్ = (స్ట్రక్ట్ ఛానెల్ *)(అన్‌సైన్డ్ లాంగ్)డెస్క్->కుకీ;

పీసీ టెస్ట్ మోడ్‌కీ దీనికీ ఉన్న తేడా ఒక్కటే, టెస్ట్ మోడ్‌లో ఆ ఛానెల్ స్ట్రక్చర్ మాడ్యూల్‌లోనే స్టాటిక్‌గా ఉంటుంది. మామూలు మోడ్‌లో కెమాలక్‌తో, అంటే నడిచేటప్పుడు కెర్నల్‌ని మెమరీ అడిగి, తీసుకుంటుంది.

రెండో సమస్య. కస్టమర్ దగ్గరున్న యాప్ 32 బిట్ బైనరీ, సోర్స్ మా చేతిలో లేదు, దాన్ని మార్చకుండా నడపాలి. అది ఓపెన్ అవుతుంది కానీ మొదటి ఐఓసీటీఎల్‌కే (యాప్ డ్రైవర్‌కి పంపే కమాండ్) "ఇనప్రోప్రియేట్ ఐఓసీటీఎల్ ఫర్ డివైస్" అంటోంది. శుక్రవారం డెమో. బాగా టెన్షన్‌గా ఉంది.

పాతకెర్నల్ | మంగళవారం, రాత్రి 11:38

తమ్ముడూ, ముందు ఆ స్క్రిప్ట్ పెట్టిన కమిట్ వెనక్కి తీసెయ్. నూట నలభై వార్నింగ్‌లూ తిరిగి రానీ. కంపైలర్ నీకు ఉచితంగా ఇచ్చిన పటం అది, నువ్వు దాన్ని చించేశావు. పాయింటర్‌ని నేరుగా ఇంట్‌లోకి కాస్ట్ చేస్తే కంపైలర్ అరుస్తుంది, అదే మధ్యలో అన్‌సైన్డ్ లాంగ్ పెడితే అది 64 బిట్ నంబర్ నుంచి 32 బిట్ నంబర్‌కి మామూలు మార్పు అయిపోతుంది, సి భాషలో అది తప్పేమీ కాదు కాబట్టి కిమ్మనదు. పై 32 బిట్లు అప్పుడూ పోయాయి, ఇప్పుడూ పోతున్నాయి, తేడా అంతా ఎవరూ చెప్పడం లేదనే.

ఇప్పుడు నీ సున్నాలు, ఎఫ్‌ల సంగతి. దీన్ని జాగ్రత్తగా చూడు, ఒకసారి అర్థమైతే జీవితాంతం పనికొస్తుంది.

నీ బోర్డులో కెమాలక్ ఇచ్చిన పాయింటర్ ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌ఎఫ్000041230800 అనుకో. ఇంట్‌లో పెడితే కింది సగం, 41230800, మాత్రమే మిగులుతుంది. తిరిగి అన్‌సైన్డ్ లాంగ్ చేస్తే 32 బిట్ల ఇంట్ 64కి సాగాలి. ఇంట్ సైన్డ్ కాబట్టి దాని పై బిట్‌ని చూసి సాగుతుంది. 4తో మొదలైంది అంటే పై బిట్ సున్నా, కాబట్టి ముందు ఎనిమిది సున్నాలు. మరోసారి బూట్ చేసినప్పుడు స్ట్రక్చర్ మెమరీలో ఇంకో చోట పడి కింది సగం 92340800 వచ్చిందనుకో, 9లో పై బిట్ 1, అంటే కంపైలర్ లెక్కలో అది నెగటివ్ నంబర్, ముందు ఎనిమిది ఎఫ్‌లు వస్తాయి. సైన్ ఎక్స్‌టెన్షన్ అంటే ఇదే. రెండూ తప్పు అడ్రస్‌లే, అసలైనది ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌ఎఫ్0000తో మొదలవ్వాలి.

మరి పీసీలో రాత్రంతా ఎలా నడిచింది? ఎక్స్86 64 బిట్ లినక్స్‌లో కెర్నల్ కోడ్, మాడ్యూళ్లు రెండూ అడ్రస్ స్పేస్‌లో చిట్టచివరి 2 జీబీలో ఉంటాయి. అంటే మాడ్యూల్‌లో స్టాటిక్‌గా ఉన్న దేని అడ్రస్ అయినా ముందు ఎనిమిది ఎఫ్‌లు, తర్వాత 8 గానీ అంతకన్నా పెద్ద అంకె గానీ. నీ ఛానెల్ స్ట్రక్చర్ ఎనిమిది ఎఫ్‌ల తర్వాత సీ0432100 దగ్గర ఉందనుకో. ఇంట్‌లో పెట్టావు, ఎఫ్‌లు పోయాయి. బయటికి తీశావు, సైన్ ఎక్స్‌టెన్షన్ సరిగ్గా ఆ ఎనిమిది ఎఫ్‌లనే మళ్లీ తగిలించింది. పోయిన సగం యాదృచ్ఛికంగా తిరిగొచ్చింది. అదే పీసీలో స్ట్రక్చర్‌ని కెమాలక్‌తో తీసుకుని చూడు, అక్కడ కెమాలక్ అడ్రస్‌లు మామూలుగా ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌ఎఫ్888 ప్రాంతంలో ఉంటాయి (బూట్ చేసినప్పుడల్లా కెర్నల్ అడ్రస్‌లని మార్చే కేఏఎస్ఎల్ఆర్ ఉంటే ఇంకాస్త అటూ ఇటూ), మొదటి ఇంటరప్ట్‌కే పడుతుంది. నీ టెస్ట్ మోడ్ ఆ బగ్ కనిపించని ఒకే ఒక్క చోట నడిచింది.

ఇక సరిచేయడం. కుకీ ఫీల్డ్‌ని పెద్దది చేయలేవు, 16 బైట్లని కార్డులోని ఎఫ్‌పీజీఏ చిప్ నిర్ణయించింది. కాబట్టి అందులో పాయింటర్ పెట్టడమే మానెయ్. ఛానెల్ పాయింటర్లని డ్రైవర్ స్ట్రక్చర్‌లో ఒక అర్రేలో ఉంచు, కుకీలో ఆ అర్రే ఇండెక్స్ రాయి, టైపు యూ32 చెయ్. తిరిగొచ్చినప్పుడు ఇండెక్స్ హద్దులో ఉందా అని చూసి, ఆ గడిలో నిజంగా ఛానెల్ ఉందా అని కూడా చూసి, అప్పుడు వాడు. పాత కోడ్ కార్డు ఏ నంబర్ ఇస్తే దాన్ని పాయింటర్‌గా నమ్మేసింది, 32 బిట్‌లో కూడా అది ప్రమాదమే. ఛానెళ్లు వందల్లో పుడుతూ పోతూ ఉంటే కెర్నల్‌లోని ఎక్స్‌అర్రే (అవసరాన్ని బట్టి పెరిగే అర్రే) వాడొచ్చు, నీ కార్డుకి మామూలు అర్రే చాలు.

మొదటి ఫీల్డ్, బఫర్ అడ్రస్ అన్నావు చూడు, అందులో ఏం రాస్తున్నావో చెప్పు. వర్చువల్ అడ్రస్‌ని ఫిజికల్ అడ్రస్ చేసే వర్ట్_టు_ఫిజ్ కనిపిస్తోందా?

బాలానగర్_బెంచ్ | మంగళవారం, రాత్రి 11:55

అన్నా, పీసీలో ఇప్పుడే కెమాలక్‌కి మార్చి చూశాను. నువ్వు చెప్పినట్టే ఇన్స్‌మాడ్ అయిన సెకనులో పడింది, ముందు ఎనిమిది సున్నాలు. రెండు వారాలు బోర్డుని అనుమానించాను, పవర్ సప్లై కూడా మార్చాను.

అవును, బఫర్ అడ్రస్‌లో వర్ట్_టు_ఫిజ్ ఇచ్చిన దాన్ని యూ32లో పెడుతున్నాం.

పాతకెర్నల్ | బుధవారం, ఉదయం 6:20

అయితే అది రెండో బాంబు, ఇంకా పేలలేదు. ఈ పనిలో ఎక్కువ మంది తడబడేది ఇక్కడే, "అడ్రస్" అనే ఒక్క మాటతో మూడు వేర్వేరు వస్తువుల్ని పిలుస్తాం. సీపీయూ వాడే వర్చువల్ అడ్రస్ ఒకటి, దాన్ని పాయింటర్‌గా ఉంచు, తప్పనిసరై నంబర్ చేయాల్సి వస్తే అన్‌సైన్డ్ లాంగ్. మెమరీ చిప్ వైపు కనిపించే ఫిజికల్ అడ్రస్ రెండోది, దాని టైపు ఫిజ్_అడ్రస్_టీ. కార్డు మెమరీని నేరుగా చదివి రాసేటప్పుడు (డీఎంఏ అంటే అదే) తన బస్ మీద, అంటే డేటా దారి మీద, చూసేది మూడోది, డీఎంఏ_అడ్రస్_టీ. 64 బిట్‌లో మూడూ 8 బైట్లే కాబట్టి కలిపేసినా నడుస్తుంది. 32 బిట్‌లో నడవదు. ఇంటెల్ పెంటియమ్ ప్రో 1995లోనే పీఏఈతో 36 బిట్ల ఫిజికల్ అడ్రస్ ఇచ్చింది, పాయింటర్ మాత్రం 32 బిట్లే. ఆర్మ్‌లో ఎల్‌పీఏఈ కూడా అదే కథ, 40 బిట్లు. అలాంటి చోట ఫిజికల్ అడ్రస్ అన్‌సైన్డ్ లాంగ్‌లో పట్టదు, పేజీ నంబర్‌ని పేజ్_షిఫ్ట్‌తో జరిపేటప్పుడు ముందు ఫిజ్_అడ్రస్_టీకి కాస్ట్ చేయకపోతే పై బిట్లు దారిలోనే రాలిపోతాయి.

నీ డ్రైవర్‌లో వర్ట్_టు_ఫిజ్ తీసేసి డీఎంఏ_మ్యాప్_సింగిల్ గానీ డీఎంఏ_అలాక్_కోహెరెంట్ గానీ వాడు. ప్రోబ్‌లో (కార్డు దొరకగానే కెర్నల్ పిలిచే ఫంక్షన్) డీఎంఏ_సెట్_మాస్క్_అండ్_కోహెరెంట్‌కి 32 బిట్ల మాస్క్ ఇవ్వు. కార్డుకి 4 జీబీ దాటి చూడటం రాదని కెర్నల్‌కి అప్పుడే తెలుస్తుంది, బఫర్ పైన పడినా కిందికి కాపీ చేసో, ఐఓఎంఎంయూ (కార్డు వాడే అడ్రస్‌లని మార్చే హార్డ్‌వేర్) ఉంటే దానితో మ్యాప్ చేసో అదే చూసుకుంటుంది. ఆ పిలుపు ఫెయిలైతే ప్రోబ్ నుంచి ఎర్రర్‌తో బయటికి రా. ఇది సరిగ్గా ఉంటేనే చివర యూ32లో రాయడం న్యాయం, అక్కడ కూడా లోయర్_32_బిట్స్ అని మ్యాక్రో ఉంది, అది వాడితే చదివేవాడికి ఇక్కడ కావాలనే కోశారని అర్థమవుతుంది.

రాయదుర్గం_ఐఓసీటీఎల్ | బుధవారం, ఉదయం 9:10

మీ రెండో సమస్యకి నేను చెప్తానండి, ఇలాంటివి చాలా చూశాను.

యాప్ ఓపెన్ అయ్యి ఎర్రర్ దాకా వచ్చిందంటే మీ బోర్డు 32 బిట్ ప్రోగ్రాములు నడపగలదు, అది సగం అదృష్టం. కొన్ని కొత్త కోర్టెక్స్ కోర్లలో 32 బిట్ మోడ్ అసలు లేదు.

మీ ఐఓసీటీఎల్ స్ట్రక్చర్‌లో ఒక పాయింటర్, ఒక 32 బిట్ పొడవు ఉన్నాయనుకుందాం, చాలా డ్రైవర్లలో అలాగే ఉంటుంది. 32 బిట్ యాప్ దృష్టిలో అది 4+4, మొత్తం 8 బైట్లు. 64 బిట్ కెర్నల్ దృష్టిలో 8+4, ఆపైన 4 బైట్ల ప్యాడింగ్ (కంపైలర్ వదిలే ఖాళీ), మొత్తం 16. ఐఓసీటీఎల్ కమాండ్ నంబర్‌లో 14 బిట్లు స్ట్రక్చర్ సైజుకే పోతాయి, కాబట్టి యాప్ పంపే నంబర్‌లో 8 ఉంటుంది, మీ స్విచ్‌లో కేస్ నంబర్‌లో 16 ఉంటుంది. రెండూ వేర్వేరు కమాండ్లు. అసలు అక్కడిదాకా కూడా రాదు, ఎందుకంటే ఫైల్ ఆపరేషన్స్‌లో కంపాట్_ఐఓసీటీఎల్ పెట్టకపోతే 32 బిట్ యాప్ నుంచి వచ్చిన పిలుపుని కెర్నల్ మీ డ్రైవర్‌కి ఇవ్వకుండానే ఆ ఎర్రర్‌తో తిప్పి పంపేస్తుంది. కొందరు మామూలు ఐఓసీటీఎల్ ఫంక్షన్‌నే కంపాట్ దగ్గర కూడా తగిలిస్తారు, స్ట్రక్చర్‌లో పాయింటర్ ఉంటే అది పని చేయదు.

చేయాల్సింది: డ్రైవర్‌లో 32 బిట్ యాప్ చూసే ఆకారాన్ని విడిగా ఒక స్ట్రక్చర్‌గా రాయండి, పాయింటర్ స్థానంలో కంపాట్_యూపీటీఆర్_టీ, పొడవుకి యూ32. దాని సైజుతో పాత కమాండ్ నంబర్‌ని మళ్లీ డిఫైన్ చేయండి. కంపాట్ ఫంక్షన్‌లో దాన్ని కాపీ_ఫ్రమ్_యూజర్‌తో తెచ్చుకుని, పాయింటర్‌ని కంపాట్_పీటీఆర్‌తో మార్చి, అసలు పని చేసే లోపలి ఫంక్షన్‌కి ఇవ్వండి. ఆ లోపలి ఫంక్షన్ ఒక్కటే ఉండాలి, రెండు కాపీలు రాస్తే ఆరు నెలల్లో ఒకదాన్ని సరిచేసి రెండోదాన్ని మర్చిపోతారు.

కొత్త యాప్ కోసం కొత్త కమాండ్ పెడితే స్ట్రక్చర్‌లో పాయింటర్ పెట్టకండి. దాని చోట యూ64 పెట్టండి, కెర్నల్ వైపు యూ64_టు_యూజర్_పీటీఆర్‌తో తీసుకోండి. ఖాళీ వచ్చే చోట మీరే రిజర్వ్‌డ్ అని ఫీల్డ్ పెట్టి నింపండి. కంపైలర్ పెట్టే ప్యాడింగ్‌ని ఎవరూ సున్నా చేయరు, స్ట్రక్చర్‌ని యూజర్‌కి కాపీ చేసినప్పుడు కెర్నల్ స్టాక్‌లోని పాత విలువలు అందులోంచి బయటికి పోతాయి.

ఒక సంగతి యాప్ రాసేవాళ్లకి గట్టిగా చెప్పండి. పాయింటర్‌ని ఆ యూ64లో పెట్టేటప్పుడు ముందు యూఇంట్‌పీటీఆర్_టీకి కాస్ట్ చేసి అప్పుడు పెట్టాలి. 32 బిట్ బిల్డ్‌లో పాయింటర్‌ని నేరుగా యూ64కి కాస్ట్ చేస్తే జీసీసీ దాన్ని సైన్ ఎక్స్‌టెండ్ చేస్తుంది. 2 జీబీ పైన ఉన్న ఏ అడ్రస్ అయినా, స్టాక్ మీది బఫర్ చాలా వరకు అక్కడే ఉంటుంది, ముందు ఎనిమిది ఎఫ్‌లతో కెర్నల్‌కి వస్తుంది, మీకు ఈఫాల్ట్ (తప్పు అడ్రస్ అనే ఎర్రర్) వస్తుంది. హీప్ బఫర్ అయితే పని చేస్తుంది, స్టాక్ బఫర్ అయితే చేయదు. ఈ ఒక్క దాని మీద నేను ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నాను.

ఇంకోటి, 32 బిట్ ఎక్స్86లో స్ట్రక్చర్ లోపలి యూ64కి 4 బైట్ల అలైన్‌మెంట్ (4తో భాగింపబడే చోట మొదలవడం) చాలు, 32 బిట్ ఆర్మ్‌లో 8 కావాలి. యూ32 తర్వాత యూ64 ఉన్న స్ట్రక్చర్ మొదటిదాంట్లో 12 బైట్లు, రెండోదాంట్లో 16. కాబట్టి కంపాట్‌ని మీ పీసీలో పరీక్షించి బోర్డులో కూడా అంతే అనుకోకండి, పీసీలో పడింది కాబట్టి బోర్డులో పడుతుందనీ అనుకోకండి.

అమీర్‌పేట్_బ్యాచ్ | బుధవారం, మధ్యాహ్నం 1:25

అన్నలూ, నేను ఈ మధ్యే డ్రైవర్ల కోర్సు పూర్తి చేశాను, తప్పుగా అడిగితే క్షమించండి. ఈ గొడవంతా లేకుండా పాయింటర్ దాచే ప్రతి చోటా యూ64 పెట్టేస్తే సరిపోదా? అది ఎక్కడైనా పెద్దదే కదా. మా క్లాసులో యూఇంట్‌పీటీఆర్_టీ వాడమన్నారు, ఇక్కడ మీరంతా అన్‌సైన్డ్ లాంగ్ అంటున్నారు, ఏది కరెక్ట్?

పాతకెర్నల్ | బుధవారం, మధ్యాహ్నం 2:05

మంచి ప్రశ్న తమ్ముడూ. యూ64 పెడితే 32 బిట్ బిల్డ్‌లో అదే వార్నింగ్ వెనక నుంచి వస్తుంది, 8 బైట్ల నంబర్‌ని 4 బైట్ల పాయింటర్ చేస్తున్నావని. మళ్లీ ఎవరో మధ్యలో కాస్ట్ పెడతారు, మళ్లీ మొదటికి. కెర్నల్ లోపల పాయింటర్‌ని నంబర్‌గా మోయాలంటే అన్‌సైన్డ్ లాంగ్, ఎందుకంటే లినక్స్ నడిచే ప్రతి ఆర్కిటెక్చర్‌లోనూ లాంగ్ సైజు, పాయింటర్ సైజు ఒకటే. ఇది ఆల్ఫా ప్రాసెసర్ రోజుల నుంచి ఉన్న కట్టుబాటు. 1995లో 1.2 కెర్నల్ నాటికే లినక్స్ 64 బిట్ ఆల్ఫా మీద నడిచింది, ఇంట్‌లో పాయింటర్ దాచే అలవాటు అప్పుడే దెబ్బ తినింది. యూఇంట్‌పీటీఆర్_టీ కూడా తప్పు కాదు, కెర్నల్‌లో రెండూ ఒకటే. ఒక చోట నాకు అదే నచ్చుతుంది. డివైస్ మ్యాచ్ టేబుల్‌లో డేటా ఫీల్డ్ పాయింటర్, అందులో చిప్ వెర్షన్ లాంటి చిన్న నంబర్ పెడతారు, తిరిగి తీసేటప్పుడు ముందు యూఇంట్‌పీటీఆర్_టీ, తర్వాత ఈనమ్. అక్కడ రెండు కాస్ట్‌లూ న్యాయమే, ఎందుకంటే అది పుట్టుకతోనే చిన్న నంబర్, పాయింటర్ దాని బస్సు మాత్రమే. పైకి చూస్తే బాలానగర్ తమ్ముడి కోడ్‌లాగే ఉంటుంది, లోపలి విషయం పూర్తిగా వేరు. అందుకే స్క్రిప్ట్‌తో ఈ పని చేయకూడదు అంటున్నా, ఒక్కో వార్నింగ్ దగ్గర ఆగి "ఇది అసలు ఏంటి, అడ్రసా, నంబరా, ఎవరి అడ్రస్" అని అడగాల్సిందే.

విండోస్ డ్రైవర్ల వైపు వెళ్తే మాత్రం ఈ అన్‌సైన్డ్ లాంగ్ అలవాటు వదిలెయ్. అక్కడ 64 బిట్‌లో కూడా లాంగ్ 4 బైట్లే, యూలాంగ్_పీటీఆర్ వాడాలి.

చర్లపల్లి_ల్యాబ్ | బుధవారం, రాత్రి 8:47

అందరూ కాస్ట్‌ల గురించే మాట్లాడుతున్నారు, నేను కాస్ట్ అసలే లేని బగ్ ఒకటి చెప్తాను. ఎందుకంటే నూట నలభై వార్నింగ్‌లూ సరిచేశాక ఈయనకి మిగిలేది ఇలాంటిదే.

కొన్నేళ్ల కింద నేను పని చేసిన ఒక చోట వీడియో క్యాప్చర్ డ్రైవర్‌లో ఒక లైను ఉండేది. అడ్రస్ టైపు డీఎంఏ_అడ్రస్_టీ, అంటే 64 బిట్లు, అలైన్ టైపు ఇంట్:

అడ్రస్ & ~(అలైన్ - 1)

ఏళ్ల తరబడి నడిచింది. ఒకరోజు నేనే కోడ్ శుభ్రం చేస్తూ, అలైన్‌మెంట్ నెగటివ్ ఎందుకవుతుంది అని ఇంట్‌ని యూ32 చేశాను. కంపైలర్ ఏమీ అనలేదు, రివ్యూలో ఎవరూ ఏమీ అనలేదు. 2 జీబీ బోర్డులో అంతా బాగుంది. 8 జీబీ బోర్డు వచ్చిన వారానికి ఎక్కడెక్కడో మెమరీ పాడవడం మొదలైంది, ఒకసారి ఫైల్ సిస్టమ్, ఒకసారి నెట్‌వర్క్, దేనికీ దేనికీ సంబంధం లేదు.

4096 అలైన్‌మెంట్‌కి ఆ టిల్డా ఇచ్చేది పైన 1లు, కింద పన్నెండు సున్నాలు. ఇంట్‌గా ఉన్నప్పుడు అది నెగటివ్ నంబర్, 64 బిట్లకి సాగినప్పుడు పైనంతా 1లే వస్తాయి, మాస్క్ సరిగ్గా ఉంటుంది. యూ32 అయితే పైన సున్నాలు వస్తాయి. అంటే మాస్క్ వేసిన ప్రతిసారీ అడ్రస్ పై సగం తుడిచిపెట్టుకుపోతుంది. 4 జీబీ కింద ఉన్న బఫర్‌కి పై సగం ఎలాగూ సున్నా, తేడా తెలియదు. 4 జీబీ దాటిన బఫర్‌కి మాత్రం కార్డు వెళ్లి వేరే ఎవరి మెమరీలోనో ఫ్రేమ్ రాసేస్తోంది. మెమరీ తప్పులు పట్టే కేసాన్ పెట్టినా దొరకలేదు, అది సీపీయూ చేసే తప్పుల్నే చూస్తుంది, కార్డు నేరుగా రాసేది దానికి కనపడదు. పదకొండు రోజులు పట్టింది. చివరికి మాస్క్‌కి ముందు, తర్వాత అడ్రస్ ప్రింట్ చేసి పక్కపక్కన పెట్టుకుంటే కనిపించింది.

అందుకే చేత్తో మాస్క్ రాయకండి. అలైన్_డౌన్, రౌండ్_డౌన్ మ్యాక్రోలు మాస్క్‌ని ముందు అడ్రస్ టైపుకే మార్చి అప్పుడు వాడతాయి, ఈ తప్పు వాటిలో జరగదు. అలాగే 1ని 31 దాటి జరిపే చోట బిట్_యూఎల్ఎల్, రెండు యూ32లని గుణించి యూ64లో పెట్టే చోట గుణించక ముందే ఒకదాన్ని యూ64 చేయడం. గుణకారం 32 బిట్లలో అయిపోయాక పెద్ద డబ్బాలో పోస్తే పోయింది తిరిగి రాదు.

వెతకడానికి: మీ మాడ్యూల్ ఒక్కదాన్నే మేక్‌కి డబ్ల్యూ=3 ఇచ్చి కంపైల్ చేయండి, కన్వర్షన్ వార్నింగ్‌లు వేలల్లో వస్తాయి, చదవడం నరకం, కానీ ఒక చిన్న డ్రైవర్‌కి ఒక పూట పెడితే అయిపోతుంది. సీ=2 ఇస్తే స్పార్స్ అనే చెకర్ నడుస్తుంది, యూజర్ పాయింటర్‌ని కెర్నల్ పాయింటర్‌గా వాడిన చోట్లని పట్టేస్తుంది. బోర్డులో ఐఓఎంఎంయూ ఉంటే ఆన్ చేయండి, కార్డు తప్పు చోట రాయబోతే అదే చెప్తుంది.

అడ్రస్‌లు ప్రింట్ చేసేటప్పుడు కూడా పర్సెంట్ ఎక్స్‌తో కాదు. డీఎంఏ అడ్రస్‌కి పర్సెంట్ పీఏడీ, దానికి వేరియబుల్ అడ్రస్ ఇవ్వాలి, విలువ కాదు. మామూలు పర్సెంట్ పీ 4.15 నుంచి అసలు పాయింటర్ చూపించదు, హ్యాష్ చేసిన నంబర్ చూపిస్తుంది, దాన్ని చూసి పై సగం పోయిందని భయపడకండి.

బాలానగర్_బెంచ్ | గురువారం, రాత్రి 9:30

అందరికీ చేతులెత్తి దండం. రెండు రోజుల్లో ఏం జరిగిందో చెప్పడం నా బాధ్యత.

స్క్రిప్ట్ కమిట్ వెనక్కి తీశాను. నూట నలభై అని భయపడ్డాను కానీ కూర్చుని చూస్తే తొంభై దాకా ఒకే హెడర్‌లోని ఒక మ్యాక్రో నుంచి వస్తున్నాయి, రిజిస్టర్ చదివే మ్యాక్రో, బేస్ అడ్రస్‌ని యూ32లో ఉంచుకుంది. దాన్ని వాయిడ్ __ఐఓమెమ్ పాయింటర్ చేసి రీడ్‌ఎల్, రైట్‌ఎల్ వాడితే కాస్ట్ అవసరమే లేకుండా పోయింది. కుకీకి అర్రే పెట్టాను. డీఎంఏ మాస్క్ పెట్టాను, బోర్డులో ఊప్స్ పోయింది. కంపాట్ ఫంక్షన్ రాశాను, మీరు ఊహించినట్టే స్ట్రక్చర్ 8 బైట్లు, 16 బైట్లు. సాయంత్రం ఐదింటికి కస్టమర్ 32 బిట్ యాప్ మొదటి శాంపిల్స్ చదివింది, మోటార్ మీద చెయ్యి పెడితే గ్రాఫ్ కదిలింది.

చర్లపల్లి అన్నా, మీరు చెప్పిన మాస్క్ లాంటిది మా కోడ్‌లో రెండు చోట్ల ఉంది, రెండూ ఇంట్‌గానే ఉన్నాయి కాబట్టి ఇప్పటికి నడుస్తున్నాయి. అలైన్_డౌన్‌కి మార్చాను. నేనైతే రేపో మాపో వాటిని యూ32 చేసేవాణ్ణే.

మా లీడ్‌కి పీసీలో స్టాటిక్‌తో ఒకసారి, కెమాలక్‌తో ఒకసారి నడిపి చూపించాను. ఆయన కాసేపు ఆ రెండు అడ్రస్‌లనీ చూసి, మిగతా రెండు డ్రైవర్లు కూడా ఇలాగే చూడు, టైమ్ ఇస్తాను అన్నారు.

ఒక్కటి మిగిలింది. టైమర్. పాత కోడ్ సెటప్_టైమర్‌కి ఛానెల్ పాయింటర్‌ని అన్‌సైన్డ్ లాంగ్ చేసి ఇచ్చేది, కొత్త కెర్నల్‌లో ఆ ఆర్గ్యుమెంటే లేదు. నేను తాత్కాలికంగా ఒక గ్లోబల్ వేరియబుల్‌లో పాయింటర్ పెట్టుకున్నాను. ఒక కార్డుతో బాగానే ఉంది.

పాతకెర్నల్ | గురువారం, రాత్రి 9:48

రెండో కార్డు పెట్టిన రోజు రెండు టైమర్లూ ఒకే ఛానెల్ మీద పడతాయి, ఆ గ్లోబల్ ఈ రాత్రికే తీసెయ్. 4.15లో ఆ డేటా ఫీల్డ్ తీసేసింది సరిగ్గా ఈ కాస్ట్‌లు వదిలించుకోవడానికే. టైమర్‌ని ఛానెల్ స్ట్రక్చర్ లోపలే ఒక మెంబర్‌గా పెట్టు, టైమర్_సెటప్‌తో మొదలుపెట్టు, కాల్‌బ్యాక్‌కి టైమర్ పాయింటర్ వస్తుంది, ఫ్రమ్_టైమర్ దాని చుట్టూ ఉన్న ఛానెల్‌ని ఇస్తుంది. నీ 6.1లో ఆ పేరు అలాగే ఉంది. ఎక్కడా నంబర్ లేదు, కాస్ట్ లేదు.

డెమోకి వెళ్లేముందు అదే సోర్స్‌ని పాత 32 బిట్ ఆర్మ్‌కి కూడా ఒకసారి కంపైల్ చెయ్, కస్టమర్ దగ్గర పాత బోర్డులు ఇంకా నడుస్తుంటాయి కదా.

బాలానగర్_బెంచ్ | గురువారం, రాత్రి 10:41

టైమర్ మార్చాను అన్నా, నాలుగు లైన్లు తగ్గాయి. 32 బిట్ బిల్డ్‌లో ఒక్క వార్నింగ్ వచ్చింది, డీబగ్ ప్రింట్‌లో డీఎంఏ అడ్రస్‌కి పర్సెంట్ ఎల్ఎల్ఎక్స్ వాడాను, పీఏడీ చేశాను. ఇప్పుడు రెండు కార్డులూ బోర్డులో పెట్టి, 32 బిట్ యాప్, మామూలు మోడ్, కెమాలక్‌తోనే, తెల్లవారేదాకా నడిచేలా వదిలి బయల్దేరుతున్నాను, ఆఖరి మెట్రో అందుకోవాలి. పొద్దున ఏడింటికి వచ్చి లాగ్ ఇక్కడ పెడతాను.